గళ్ళ బట్ట: మన మగ్గం, పరుల పేరు



తెలుగు చదువుల గురించి వ్రాసుకొనే ఈ పుటలలో బట్టల ప్రస్తావన ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చును. తమిళనాడులోను, కర్ణాటకలోను, మహారాష్ట్రలోని షోలాపురంలోను తెలుగు బడులకు వచ్చిన పిల్లలలో నేతవారి బిడ్డలు తరతరాలుగా గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. దేవాంగులు, పద్మశాలీలు తమ భాషను మగ్గంతో పాటు మోసుకొని వలస వచ్చినవారు. ఆ మగ్గం మీద పుట్టిన బట్టలలో గళ్ళ బట్టది విచిత్రమైన చరిత్ర. ఇంట్లో అది లుంగీ, తువ్వాలు, దుప్పటి. చులకనగా చూడబడే వస్తువు. సముద్రం దాటగానే అది గౌరవ వస్త్రం. కొన్ని జాతులకు జాతీయ వేషం. ఒకే బట్ట మీద ఇంత ప్రేమ, ఇంత చులకన, ఇంత అపరాధ భావన ఒకచోట చేరడం అరుదు. ఆ చరిత్రను మన పిల్లలకు చెప్పవలసిన అవసరం ఉన్నదని నా నమ్మకం.

గడి పుట్టే తీరు

గడి చిత్రించినది కాదు, అద్దినది కాదు; నేతలోనే పుట్టినది. పడుగులో ఇన్ని పోగులు ఎరుపు, ఇన్ని నీలం, ఇన్ని తెలుపు అని ఒక వరుస ఏర్పరచుకొంటారు. పేకలో కూడా ఒక వరుస ప్రకారం రంగు కండెలు మార్చుతూ నాడె వేస్తారు. నిలువు చార, అడ్డు చార కలిసినచోట గడి. ఎరుపు మీద ఎరుపు పడితే నిండు ఎరుపు. ఎరుపు మీద నీలం పడితే రెండింటికీ నడుమ మరొక ఛాయ. మూడు రంగుల నూలుతో కంటికి ఆరు ఛాయలు కనబడతాయి. నూలుకే రంగు వేసి నేసినందువలన బట్టకు లోపలి ముఖం, వెలుపలి ముఖం అనే భేదం ఉండదు.

ఇంత సులభమైన సూత్రం ఏ ఒక్క జాతి సొత్తూ కాజాలదు. స్కాట్లండులోని ఫాల్కిర్క్ వద్ద క్రీ. శ. 3వ శతాబ్దపు నాణేల కుండతో పాటు రంగు వేయని ఉన్నితో నేసిన గళ్ళ గుడ్డ ముక్క దొరికినది. పత్తి పండే మన తీరంలోనూ గళ్ళ నేత ప్రాచీనమే. అందుచేత గళ్ళు ఎవరు కనిపెట్టారన్న ప్రశ్నకు అర్థం లేదు. ఎవరి గళ్ళకు పేరు వచ్చినది, ఎవరి గళ్ళకు రాలేదు అన్నదే చరిత్ర అడుగవలసిన ప్రశ్న.

టార్టన్ కథ

స్కాట్లండు కొండసీమ ప్రజలు ఉన్నితో, ఏటవాలు గీతలు తేలే నేతతో నేసిన గళ్ళ బట్టను టార్టన్ అంటారు. దానిని ఒంటికి చుట్టుకొనే పెద్ద వస్త్రానికి ప్లెయిడ్ అని పేరు. వారి గేలిక్ భాషలో ఆ మాటకు దుప్పటి అని అర్థం. అనగా నేడు ప్రపంచమంతటా ‘ప్లెయిడ్’ అని వినవచ్చే మాటకు మూలం ఒక దుప్పటే.

1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ యుద్ధంలో కొండసీమవారి తిరుగుబాటు అణగిపోయినది. ఆ వెంటనే బ్రిటిషు పార్లమెంటు వారి వేషధారణను నిషేధిస్తూ చట్టం చేసినది. 1747 ఆగస్టు 1 నుండి సైనికులు తప్ప తక్కిన కొండసీమ పురుషులు, బాలురు ప్లెయిడ్ కానీ, కిల్టు కానీ ధరిస్తే మొదటి తప్పుకు ఆరు నెలల చెర, మళ్ళీ చేస్తే ఏడేళ్ళ ద్వీపాంతరవాసం. ఒక బట్టకు ఇంత శక్తి ఉన్నదని పాలకులు గుర్తించిన సందర్భాలు చరిత్రలో ఎన్నో లేవు. 1782లో నిషేధం తొలగినది. అప్పటికి ఒక తరం గడచిపోయినది. అలవాటు చాలవరకు తప్పిపోయినది.

తరువాతి ఘట్టం మరింత ఆలోచింపజేసేది. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో నగరానికి వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఉత్సవ నిర్వాహకుడు. రాజుతో సహా పెద్దమనుషులందరూ టార్టన్ ధరించారు. తాతలు నిషేధించిన వేషం మనుమల దర్బారు వేషమైనది. ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క గళ్ళ తీరు అనే భావన స్థిరపడినది ఆ కాలంలోనే. బానక్‌బర్న్‌లోని విల్సన్ నేత సంస్థ నమూనాలకు వంశాల పేర్లు, ఊళ్ళ పేర్లు తగిలించి అమ్మినది. 1842లో ‘వెస్టియారియం స్కాటికమ్’ అనే గ్రంథం పురాతన వ్రాతప్రతి ఆధారమని చెప్పుకొంటూ వంశాల గళ్ళ పట్టికను ప్రకటించినది. అది కల్పితమని తరువాత తేలినది. 1983లో చరిత్రకారుడు హ్యూ ట్రెవర్ రోపర్ ఈ విషయాలన్నీ ఒక వ్యాసంలో ఎత్తి చూపినప్పుడు వాదోపవాదాలు చెలరేగినవి.

ఎడింబరోలో పెద్దలు టార్టన్ ధరించి నర్తిస్తున్న ఆ దశాబ్దాలలోనే, అదే కొండసీమలో రైతు కుటుంబాలను గొర్రెల మేత కోసం ఇళ్ళ నుండి వెళ్ళగొట్టుతున్నారు. బట్టకు పట్టాభిషేకం జరిగినది, కట్టినవారికి ఊరు లేకుండా పోయినది. అందుచేతనే స్కాట్లండు వారిలో నేటికీ టార్టన్ అంటే గర్వించేవారు, అది యాత్రికులకు అమ్మే సరకని విసుక్కొనేవారు ఉభయులూ ఉన్నారు. అయినప్పటికీ వారు ఒక పని చేశారు. 2008లో చట్టం చేసి, 2009 నుండి టార్టన్‌లకు ప్రభుత్వ పట్టికను తెరిచారు. ప్రతి నమూనాకు పేరు, పోగుల లెక్క, నమోదైన తేదీ అందులో ఉంటాయి. కల్పనతో మొదలైనదానికి కూడా కాగితం మీద చిరునామా ఏర్పడినది.

మన తీరం

ఇక మనవైపు చూద్దాము. 1639 ఆగస్టులో దామెర్ల సోదరుల నుండి ఇంగ్లీషు కంపెనీ చెన్నపట్నపు స్థలం పొందినది. రేవుకు అనువుకాని ఆ ఇసుక తీరాన్ని ఫ్రాన్సిస్ డే ఎంచుకొనడానికి ముఖ్య కారణాలలో ఒకటి, ఆ పరిసరాలలో బట్ట చవకగా దొరకడం. ఊరు పుట్టినదే బట్ట కోసం. ఆ తరువాత కంపెనీవారు నేతగాళ్ళను రప్పించి పేటలు కట్టించారు. గవర్నరు కాలెట్ కాలంలో వెలసిన కాలెట్‌పేట జనుల నోళ్ళలో కాలడిపేట అయినది. 1730వ దశకంలో సుంకు రామశెట్టి తోటలో చింతాద్రిపేట వెలసినది. చిన్న మగ్గాల పేట అనే అర్థంలో తమిళంలో ఆ పేరు ఏర్పడినదని చెబుతారు. సుంకు రామశెట్టి తెలుగు వర్తకుడు. ఆ తోట, ఆ మగ్గాలు మన చరిత్రలో భాగమే.

చెన్నపట్నానికి ఉత్తరాన ప్రళయకావేరి ఒడ్డున పులికాట్ ఉన్నది. అక్కడ డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. వారికి తూర్పు దీవుల సుగంధద్రవ్యాలు కావాలి. ఆ దీవులవారికి మన తీరపు బట్టలు కావాలి. వెండి కంటె బట్టకే అక్కడ గిరాకీ. నేటికీ మలయా భాషలో గళ్ళ కైలీని ‘కైన్ పెలికట్’ అంటారు. పులికాట్ బట్ట అని దాని అర్థం. అక్కడి ముసల్మానులు ప్రార్థనకు కట్టుకొనే ఆ వస్త్రం పేరులో మన సరస్సు నిలిచి ఉన్నది. ఆ సరస్సు ఒడ్డున పెరిగే పిల్లవానికి ఈ సంగతి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు.

ఇంకా ఉత్తరాన చీరాల ప్రాంతంలో రుమాళ్ళ నేత సాగినది. తేలియా రుమాలు తీరు వేరు. అక్కడ గడి ఒక చట్రం మాత్రమే. అందులోని బొమ్మ నూలును ముడులు కట్టి రంగులో ముంచగా తేలుతుంది. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీటిలోను పదేపదే నానబెట్టి ఎరుపు, నలుపు రంగులు పట్టించేవారు. ఆ నూనె వాసన వలననే దానికి ఆ పేరు. అరబ్బు దేశాలకు అది తలపాగాగా ఎగుమతి అయ్యేది. నేడు ఆ విద్యకు ముఖ్య నెలవు తెలంగాణలోని పుట్టపాక. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇక కేవలం గళ్ళతో నేసినది, గజం చదరపు రుమాళ్ళుగా లెక్కించి ఎనిమిది గజాల తానులుగా ఓడ కెక్కినది ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అని విదేశాలలో పేరు పొందినది. చీరాల నేత కావచ్చును, తమిళ పల్లెల నేత కావచ్చును. ఓడ ఎక్కిన రేవు పేరే అన్నింటికీ దక్కినది.

ఎవరిని చూచి ఎవరు?

మద్రాసు గళ్ళు స్కాట్లండు పటాలాల టార్టన్‌ను చూచి మన నేతవారు అనుకరించినవని ఒక కథ చాలాచోట్ల కనబడుతుంది. 73వ కొండసీమ పటాలం మద్రాసులో దిగినది 1780లో. మన గళ్ళ బట్ట పులికాట్ నుండి తూర్పు దీవులకు వెళ్ళసాగి అప్పటికి నూరేళ్ళు దాటినది. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూచినవారికి వేరే సమాధానం అక్కరలేదు. పటాలాల ఇష్టాన్ని బట్టి కొన్ని నమూనాలు వచ్చి ఉండవచ్చును. వర్తకం అంటేనే కొనేవాని ఇష్టం. కానీ విద్య వారు నేర్పినది కాదు.

తమాషా ఏమనగా, అనుకరణ అటునుండి కూడా జరిగినది. 18వ శతాబ్దం చివరి దశకాలలో స్కాట్లండులోని గ్లాస్గో ప్రాంతపు నేతవారు ‘పులికేట్’ రుమాళ్ళు నేయసాగారు. పులికాట్ పేరే ఇంగ్లీషు నిఘంటువులో గళ్ళ రుమాలుకు పర్యాయపదమైనది. మన ఊరి పేరు పెట్టుకొని వారి మగ్గాలు బ్రతికినవి. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు ‘అది ఇంగ్లీషువాళ్ళ డిజైను’ అన్న మాటకు తలవంచుకొనవలసిన పని ఉండదు.

గర్వించదగినది, బాధించేది

ఈ బట్ట చేరిన చోట్లను చెబుతున్నప్పుడు గర్వం కలుగుతుంది. నైజీరియా సముద్రతీరంలో కాలబరి జాతివారు మద్రాసు గళ్ళ బట్టను ‘ఇంజిరి’ అని పిలిచి పరమ గౌరవంగా చూసుకొన్నారు. ఆ స్త్రీలు నేసిన బట్టలోని కొన్ని పోగులను జాగ్రత్తగా కోసి లాగివేసి, మన గళ్ళ నుండి తమదైన కొత్త బొమ్మ తీస్తారు. దానిని ‘పెలెటె బిటె’ అంటారు. పెద్దలు మరణించినప్పుడు ఆ గదిని, మంచాన్ని ఇటువంటి విలువైన బట్టలతో అలంకరిస్తారు. మన ఇళ్ళలో నేల తుడవడానికి పోయే గళ్ళ గుడ్డ వారి ఇళ్ళలో పూర్వీకుల గదికి అలంకారం.

అయితే ఆ తీరానికి మన బట్ట చేరిన మార్గాన్ని కూడా చెప్పవలసి ఉన్నది. 17, 18 శతాబ్దాలలో ఐరోపా వర్తకులు పశ్చిమాఫ్రికాలో మనుషులను కొన్నది చాలా వరకు బట్టలు ఇచ్చియే. అందులో కోరమాండల్ తీరపు బట్టలు ఎక్కువ. నీలి బట్టలు, చారల బట్టలు, గళ్ళ బట్టలు తానుల లెక్కన ఇచ్చి మనుషులను ఓడలకెక్కించారు. నేసినవానికి ఆ సంగతి తెలియదు. కంపెనీ బయానా సొమ్ము తీసుకొని, చెప్పిన ధరకు, చెప్పిన గడువుకు నేసి ఇవ్వవలసిన వానికి తన బ్రతుకే తన చేతిలో లేదు. తప్పు అతనిది కాదు. అయినా ఆ గళ్ళలో ఆ చరిత్ర కూడా నేయబడి ఉన్నది. పెద్ద తరగతుల పిల్లలకు దీనిని దాచిపెట్టి ఉత్త గౌరవాన్ని మాత్రమే బోధిస్తే అది సగం చరిత్రే.

బానిసలుగా వెళ్ళినవారు ఆ బట్టను ఏమి చేశారన్నది మరొక అధ్యాయం. 1786లో స్పానిషు పాలనలోని లూసియానాలో నల్లజాతి, మిశ్రజాతి స్త్రీలు తల కప్పుకొని తీరవలెనని ఆజ్ఞ వచ్చినది. వారిని తక్కువవారిగా గుర్తుపట్టడానికి. ఆ స్త్రీలు రంగురంగుల గుడ్డలతో తలపాగాలు అంత సొగసుగా చుట్టారు, శిక్ష అలంకారమైపోయినది. మార్టినిక్, గ్వాడెలూప్, సెంట్ లూసియా, డొమినికా దీవులలో మద్రాసు గళ్ళు స్త్రీల సంప్రదాయ వేషం. తలపాగా కొసలకు కూడా అర్థం ఉన్నది: ఒక కొస నిలిపితే మనసు ఖాళీ, రెండయితే మాట ఇచ్చినది, మూడయితే పెళ్ళయినది. వారి భాషలో ఆ బట్ట పేరు ‘మద్రాస్’ అనియే.

తరువాత అదే దీవులకు మన మనుషులు కూడా వెళ్ళారు. 1853లో మార్టినిక్‌కు, 1854లో గ్వాడెలూప్‌కు దక్షిణ భారత కూలీలతో ఓడలు చేరినవి. అంతకు ముందే 1828 ప్రాంతంలో యానాం నుండి తెలుగు కూలీలు రెయూనియన్ దీవికి వెళ్ళారు. వారి సంతతికి భాష నిలువలేదు. కారిబియన్ దీవులలో బట్ట మిగిలినది, మాట పోయినది. మన బోటి ప్రవాస తెలుగువారికి ఇంతకంటె స్పష్టమైన హెచ్చరిక లేదు.

20వ శతాబ్దంలో అమెరికా వంతు వచ్చినది. 1958లో కెప్టెన్ కృష్ణన్ నాయర్ అమ్మిన మద్రాసు గళ్ళ బట్ట న్యూయార్కులో బ్రూక్స్ బ్రదర్స్ దుకాణాలకు చేరినది. చల్లని నీటిలో విడిగా ఉతకాలన్న హెచ్చరిక లేక అమ్ముడైన చొక్కాలు ఉతికిన ప్రతిసారీ రంగు దిగినవి. కొన్నవారు మండిపడ్డారు. అప్పుడు ప్రకటనకర్తలు ఆ లోపాన్నే గుణంగా చాటారు: ఇది రంగు దిగి తీరుతుందని హామీ! సంపన్న కళాశాలల విద్యార్థులు ఎగబడి కొన్నారు. మన ఇళ్ళలో రంగు దిగిన లుంగీ పేదరికానికి గుర్తు. అక్కడ అదే హోదాకు గుర్తు.

ఇంటిలోని గళ్ళు

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాము. గుడియాత్తం, కురింజిపాడి లుంగీలు, చెన్నిమలై దుప్పట్లు, కరూరు వంటింటి తువ్వాళ్ళు, షోలాపురం చద్దర్లు: ఈ ఊళ్ళలో పలు చోట్ల మగ్గాల వెనుక తెలుగు వినబడుతూ వచ్చినది. షోలాపురం సంగతి ప్రత్యేకం. తెలంగాణ పల్లెల నుండి పద్మశాలీలు వెళ్ళి అక్కడి మిల్లులలో, మరమగ్గాలలో పని చేసి, ఒక తెలుగు నగరాన్నే మరాఠీ గడ్డ మీద నిలిపారు.

కానీ ఆ ఇళ్ళ పిల్లలకు గళ్ళ బట్ట మీద ఏమంత ప్రీతి లేదు. తండ్రి గళ్ళ లుంగీతో బడి గుమ్మం వరకు వస్తే బిడ్డ ముఖం చిన్నబుచ్చుకొనడం ఉపాధ్యాయులందరం చూచినదే. అదే బిడ్డ అంగడిలో ‘చెక్స్ షర్టు’ కావాలని మారాం చేస్తాడు. గళ్ళు అంటే నామోషీ, చెక్స్ అంటే మోజు. మాట మారగానే వస్తువు విలువ మారిపోయినది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు విషయంలోనూ ఇదే మనఃస్థితి. అందుచేత పిల్లవానిని మందలించి ప్రయోజనం లేదు. అతనికి ఆ నామోషీని నేర్పినది పెద్దల లోకమే. అతని తండ్రికి కూడా ఆ బట్ట మీద ప్రేమ ఒక్కటే ఉంటుందని అనుకొనరాదు. రోజంతా గుంటలో కాళ్ళాడించి, నడుము వంగి, చాలీచాలని కూలి తీసుకొన్నవానికి మగ్గం దేవుడూ అవుతుంది, చెరసాలా అవుతుంది. ‘నా కొడుకు ఈ గుంటలో దిగకూడదు’ అనే నేతకారుని మాటను అగౌరవంగా తీసుకొనడానికి మనకు హక్కు లేదు.

ప్రభుత్వం కూడా ప్రయత్నించక పోలేదు. 1985లో చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించే చట్టం వచ్చినది. మొదట 22 రకాలు; తరువాత 11కు తగ్గించారు. ఆ 11లో లుంగీ, దుప్పటి ఉన్నాయి. 1993లో సర్వోన్నత న్యాయస్థానం ఆ చట్టాన్ని సమర్థించినది. అయినా గళ్ళను మరమగ్గం మీద నేయడం సులభం, అచ్చు వేయడం అంతకంటె సులభం. చట్టం కాగితం మీద, గళ్ళు మిల్లులో అన్నట్లయినది.

బడి చేయగలిగినది

తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరగతి తరువాత తరగతిగా అమలై 2015-16 నాటికి పదవ తరగతికి చేరినది. మాతృభాషలో పరీక్ష వ్రాసే వీలు కోసం భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానాల మెట్లు ఎక్కవలసి వచ్చినది. ఆ పోరాటం దాని దారిన సాగవలసినదే. అయితే గంటల పట్టికలో తెలుగుకు మిగిలిన కొద్దిపాటి సమయంలో ఏమి చెబుతున్నామన్నది మన చేతిలో ఉన్న సంగతి. ఎక్కడో వేరే ప్రాంతపు పిల్లల కోసం వ్రాసిన పాఠాలలో తన ఇల్లు, తన పేట, తన తండ్రి పని కనబడనప్పుడు ఆ భాష తనదని బిడ్డకు ఎట్లు తోచును?

ఒక గళ్ళ తువ్వాలు చాలును. పోగులు లెక్కింపజేస్తే అది లెక్కల పాఠం: నిష్పత్తి, సౌష్ఠవం, అంకశ్రేణి. పటం మీద పులికాట్ నుండి మలయాకు, చెన్నపట్నం నుండి నైజీరియాకు, మార్టినిక్‌కు గీతలు గీయిస్తే భూగోళ పాఠం. ఎవరు నేశారు, ఎవరు అమ్మారు, ఎవరు ఏడ్చారు అని అడిగితే చరిత్ర పాఠం. ఇక భాష మాటకు వస్తే, ఇంట్లో ముసలివారిని అడిగి మగ్గం మాటలు వ్రాసుకొని రమ్మని చెప్పవలెను. పడుగు, పేక, నాడె, అచ్చు, కండె. తమిళ ప్రాంతంలో పుట్టిన మన పిల్లలలో పలువురు పడుగును ‘పావు’ అని, పేకను ‘ఊడై’ అని మాత్రమే ఎరుగుదురు. ఆ మాటలు నేర్చినందుకు చింతించనక్కరలేదు. అవి కూడా వారి సంపదే. రెండవ వరుస మాటలు పోకుండా చూడడం మన పని. ఒక వరుస పడుగు, ఒక వరుస పేక. గడి పడాలంటే రెండూ ఉండవలెను.

స్కాట్లండువారు తమ గళ్ళకు పట్టిక వ్రాసుకొన్నారు. మన గళ్ళకు పట్టిక లేదు. నేసినవారి పేర్లు కంపెనీ దస్తావేజులలో విడివిడిగా దొరకడం అరుదు. ప్రతి తెలుగు బడిలో ఒక నోటుపుస్తకం తెరచి, ఆ పేటలో నేసిన గళ్ళ తీరు, దాని పోగుల లెక్క, ఇంట్లో దానిని పిలిచే పేరు, నేసిన తాత పేరు పిల్లలచేత తెలుగులో వ్రాయించగలిగితే అది చిన్న పని కాదు. మగ్గాలు ఆగిపోయిన పేటలలో ఆ తాతలు ఇంకా ఉన్నారు. వారు ఉండగానే ఈ పని మొదలుపెట్టవలెనని మిత్రులకు నా మనవి.